ఎవరు చంపారో ఊరందరికీ తెలుసు

నేర కథలన్నీ ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: ఎవరు చంపారు? శవం దొరుకుతుంది, పోలీసు జీపు వస్తుంది, అక్కణ్ణించి ఎనిమిది ఎపిసోడ్లు మనల్ని కదలకుండా కూర్చోబెట్టేది ఆ ప్రశ్నే. నిజ నేరాల డాక్యుమెంటరీ అయినా అంతే. కాకపోతే అందులో శవం నిజం శవం.

చుండూరులో ఈ ప్రశ్న లేదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని పట్టపగలు వెంటాడి చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో, తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. ఊళ్లో పోలీసులు వుండగానే జరిగింది. ఎవరు చంపారో ఊరందరికీ తెలుసు, పక్క ఊళ్లకీ తెలుసు. 1985 జూలై 17న కారంచేడులోనూ అంతే. దళితుల మీద జరిగే దాడుల్లో చాలావాటికి రహస్యం అంటూ వుండదు. దాచిపెట్టాల్సిన అవసరం చేసేవాడికి లేదు. నలుగురూ చూడాలి, చూసి భయపడాలి అనే చేస్తాడు. మన దగ్గర ప్రశ్నలు ఆ తర్వాత మొదలవుతాయి. ఫిర్యాదు ఎవరు రాసుకున్నారు? ఏ సెక్షన్ పెట్టారు, ఏది వదిలేశారు? సాక్షి చెప్పినవాడు రేపు కూలికి ఎవరి చేలోకి పోవాలి? కేసు కోర్టు మెట్లెక్కేసరికి ఎంతమంది బతికి వున్నారు? ఈ ప్రశ్నల మీద నడిచే సీరియల్ ఒక్కటీ నాకు తగల్లేదు. నేను చూసినవి తక్కువేం కాదు.

యూనివర్సిటీ హాస్టళ్లలో మన పిల్లలు రాత్రిళ్లు లాప్‌టాప్ ముందు చేరి చూసేవాటిలో ఎక్కువ భాగం ఇవే. నేనూ చూస్తాను, ఇష్టంగానే చూస్తాను. ఇదంతా బూర్జువా వినోదం అని ఒక్క మాటతో తోసిపారేసే అలవాటు మన వామపక్ష మిత్రులకు ఎప్పట్నుంచో వుంది. దానివల్ల ఏం ఒరిగిందో వాళ్లే చెప్పాలి. పోలీస్ స్టేషన్ లోపల ఏం జరుగుతుందో చూడాలని మనవాళ్లకి అనిపించటం సహజం. గేటు బయట గంటలు గంటలు నిలబడ్డవాళ్లం కదా. కాబట్టి చూడొద్దని చెప్పటానికి ఇది రాయటం లేదు. చూస్తున్నంతసేపూ మనల్ని ఏ కుర్చీలో కూర్చోబెడుతున్నారో గమనించమంటున్నాను.

‘ఢిల్లీ క్రైమ్’ తీసుకోండి. 2012 డిసెంబర్ 16 బస్సు ఘటన మీద తీసిన మొదటి సీజన్ 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 2020లో అంతర్జాతీయ ఎమ్మీ బహుమతి కూడా తీసుకుంది. షెఫాలీ షా నటనకి వంక పెట్టేదేం లేదు. ఆమె వేసిన డిసిపి వర్తికా చతుర్వేది ఇంటికి పోదు, నిద్రపోదు, నిందితులందర్నీ పట్టుకునేదాకా ఊపిరి తీసుకోదు. మనం ఆమె పక్కసీట్లో కూర్చుని వుంటాం. సిబ్బంది చాలరు, వసతులు లేవు, పైనుంచి వొత్తిడి, బయట జనం అరుపులు. ఆమె కష్టాలన్నీ మన కష్టాలవుతాయి. గేటు బయట నినాదాలిస్తున్న జనాన్ని చూస్తే మనకే విసుగొస్తుంది. జీవితంలో ఎన్నో ధర్నాల్లో కూర్చున్న మనిషి ఈ సీరియల్ చూస్తూ ధర్నా మీద విసుక్కున్నాడంటే అది ఆ పనితనం బలమే. ఆ బలం ఎవరి తరఫున పనిచేస్తోంది అన్నదే నా అభ్యంతరం.

ఎమ్మీ ప్రకటించింది 2020 నవంబర్‌లో. దానికి రెండు నెలల ముందు, సెప్టెంబర్ 29న, హాత్రస్ నుంచి తీసుకొచ్చిన పందొమ్మిదేళ్ల దళిత అమ్మాయి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో చనిపోయింది. 2012లో ఆ బస్సు బాధితురాలిని చేర్చిందీ ఆ ఆస్పత్రిలోనే. హాత్రస్ అమ్మాయి శవాన్ని పోలీసులు ఊరికి తీసుకుపోయి, ఇంట్లోవాళ్లని దగ్గరికి రానీకుండా రాత్రికి రాత్రే కాల్చేశారు. 2023 మార్చిలో కోర్టు నలుగురు నిందితుల్లో ముగ్గుర్ని వదిలేసింది, ఒకరికి శిక్ష వేసింది, అదీ అత్యాచారం కింద కాదు. ఆస్పత్రి ఒకటే, పోలీసు శాఖలు వేరు, బాధితురాళ్ల కులాలు వేరు. ఒకదానికి ఏడు ఎపిసోడ్ల సానుభూతి దొరికింది, అదీ పోలీసులకి.

2022లో వచ్చిన రెండో సీజన్ వేరే దారిలో మన గుమ్మంలోకే వచ్చింది. ఇళ్లలో దూరి ముసలివాళ్లని చంపుతున్నది ‘కచ్చా బనియన్’ ముఠా అని పోలీసులు అనుకుంటారు. అనుకోగానే విముక్త జాతుల బస్తీ మీద పడి దొరికినవాళ్లని దొరికినట్టు పట్టుకొస్తారు. ఆ జాతుల లక్షణాలన్నీ తనకి తెలుసుననే ఒక రిటైర్డ్ అధికారిని కూడా పిలిపిస్తారు. చివరికి చంపింది వాళ్లు కాదు, ఆ ముఠా పద్ధతిని కాపీ కొట్టిన వేరేవాళ్లు అని తేలుతుంది. 1871 నాటి నేరస్త జాతుల చట్టం పాపం ఇంకా వదల్లేదని ఇంత పెద్ద తెర మీద చెప్పటం మంచిదే, కాదనను. కానీ బస్తీవాళ్లు నిర్దోషులని ఎట్లా తేలింది? అసలు హంతకులు దొరికారు కాబట్టి. దొరక్కపోతే? వాళ్లని బలిచ్చి కేసు మూసెయ్యమని పైవాళ్లు అంటుంటే చతుర్వేది ఒప్పుకోలేదు కాబట్టి. ఆమె ఒప్పుకుని వుంటే? ఒక జాతి మొత్తం నిర్దోషిత్వం ఒక అగ్రకుల అధికారి మంచితనానికి వేలాడుతూ వుంటే దాన్ని విమర్శ అనుకోవాలా, ఓదార్పు అనుకోవాలా? మన దేశంలో 2021 చివరికి జైళ్లలో వున్న 5,54,034 మందిలో 4,27,165 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లు. వాళ్లలో దళితులు దాదాపు ఐదోవంతు. అంతమందికీ తలా ఒక చతుర్వేది ఎక్కడ దొరుకుతుంది?

తెలుగువాళ్లకి ఈ కథ ఢిల్లీ చెప్పక్కర్లేదు. నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక, ఎరుకల కుటుంబాల్ని తెచ్చి బాపట్ల దగ్గర పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. ఊరి పేరు తెల్లదొర పేరు, నడిపింది సాల్వేషన్ ఆర్మీ. అక్కడ పుట్టటమే నేరానికి రుజువు. 1952లో చట్టం పోయింది, పేరు పోలేదు. పోకుండా చూసుకున్నవాళ్లలో మన సినిమావాళ్లు ముందున్నారు. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది, ‘స్టువర్టుపురం దొంగలు’ వచ్చింది. ఏ సంవత్సరమో చూశారా? చుండూరు జరిగిన సంవత్సరమే. రెండు ఊళ్లూ అప్పటి గుంటూరు జిల్లాలోవే. ఒక ఊరి పేరుకి దొంగలు అని తగిలించి పోస్టర్లు వేస్తే జనం టిక్కెట్లు కొన్నారు. రెండో ఊరి పేరుకి హంతకులు అని తగిలించి పోస్టరు వేసే నిర్మాత అప్పుడు లేడు, ఇప్పుడూ లేడు. తెలుగు సినిమాకి పెట్టుబడి ఎక్కణ్ణించి వస్తుందో తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యపోయేదేం వుండదు.

2023లో మళ్లీ ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఈసారి దొంగని హీరో చేశారు కదా అంటారు. చేశారు. హీరో కావాలంటే అతను రైళ్ల మీద దూకాలి, పదిమందిని ఒంటిచేత్తో విసిరెయ్యాలి. ఊళ్లో మిగతావాళ్లు మాత్రం దొంగలుగానే వుండిపోయారు. టీజర్లో ఊరిని చూపించిన తీరు మీద అభ్యంతరం హైకోర్టు దాకా పోయింది. ఇదే స్టువర్టుపురంలో జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం ఏళ్ల తరబడి పనిచేశారు. ఇంటింటికీ తిరిగి, ఆ పిల్లల చదువుల కోసం, పెద్దవాళ్ల బతుకుదెరువు కోసం తిరిగారు. ఒక దళిత మహాకవి కూతురు, దొంగలని ముద్రపడ్డ ఊరు. కథ కోసం వెతుక్కునేవాళ్లకి ఇది కథలా కనపళ్లేదు! 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచే నియమాల్ని కొట్టేసినప్పుడు, విముక్త జాతులవాళ్లని పుట్టుకతో ‘అలవాటు నేరస్తులు’గా చూసే నియమాల్ని కూడా కొట్టేసింది. అంటే చట్టం పోయిన డెబ్బై రెండేళ్ల తర్వాత కూడా జైలు పుస్తకాల్లో ఆ మాటలు బతికే వున్నాయన్నమాట. తమిళంలో 2021లో వచ్చిన ‘జై భీమ్’ మొదటి సీన్ గుర్తుందా? జైలు గేటు దగ్గర కులం అడిగి కొందర్ని ఇంటికి పంపిస్తారు, మిగిలినవాళ్లని కొత్త కేసుల్లో ఇరికించటానికి పక్కన నిలబెడతారు. ఆ సినిమాలో లాయరు పాత్ర ఎంత పెద్దదైనా, ఆ ఒక్క సీను కోసం దాన్ని మెచ్చుకుంటాను.

‘పాతాళ్ లోక్’ (2020) మీద మన మిత్రుల్లో చాలామందికి గౌరవం వుంది. కొంత నాకూ వుంది. ఒక హత్యాప్రయత్నం కేసులో దొరికిన నలుగురు ఎక్కణ్ణించి వచ్చారో వెతుక్కుంటూ పోతుంది. పోలీసు శాఖలో అన్సారీ అనే ముస్లిం కుర్రాడు రోజూ మింగే అవమానాన్ని గట్టిగా అరవకుండా చూపించింది. అయితే పేరు దగ్గరే నాకు పేచీ. స్వర్గం, భూమి, పాతాళం అని ఢిల్లీని మూడు లోకాలు చేసి, మనవాళ్లుండే చోటుకి పాతాళం అని పేరు పెట్టారు. పాతాళానికి ఎవర్ని ఎవరు తొక్కారు? బలిని వామనుడు తొక్కాడు. 1873లోనే ఫూలే ‘గులాంగిరీ’లో ఆ కథని తిరగేసి, బలి మన రాజు, వామనుడు వచ్చిపడ్డవాడు అని చెప్పాడు. నూట యాభై ఏళ్ల తర్వాత కూడా వీళ్లకి పాతాళం అంటే పురుగులుండే చోటు. ఇంకో సంగతి. ఆ నలుగురిలో పంజాబు దళిత కుర్రాడు తనని హింసించిన పెత్తందారీ కులం పిల్లల మీద తిరగబడి ఊరొదిలి పారిపోతాడు. దానికి ప్రతీకారంగా వాళ్లు అతని తల్లిని చెరుస్తారు. తెర మీద అది కాసేపు వుంటుంది, కుర్రాడు ఎందుకిట్లా తయారయ్యాడో చెప్పే ఫ్లాష్‌బ్యాక్‌గా పనికొస్తుంది. ఆ తల్లి మీద జరిగింది కూడా నేరమేగా? దానికి దర్యాప్తు అధికారి లేడు, ఎపిసోడ్ లేదు. తల్లి మీద నేరం కొడుకు స్వభావానికి వివరణ అయిపోయింది.

నాకు వీటన్నిట్లో ఎక్కువ నచ్చింది 2023లో వచ్చిన ‘దహాడ్’. రీమా కాగ్తీ, రుచికా ఓబెరాయ్ తీశారు. రాజస్థాన్‌లో చిన్న టౌను, దళిత ఎస్సై అంజలి భాటి. తండ్రి మేఘ్వాల్ అన్న ఇంటిపేరు తీసేసి భాటి అని పెట్టాడు. ఆమె పక్కనుంచి నడిచిపోయినప్పుడల్లా స్టేషన్లో ఒక ఉద్యోగి అగరొత్తి వెలిగిస్తాడు. డైలాగు లేదు, సంగీతం లేదు. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ అదే పని. మన ఆఫీసుల్లో, డిపార్టుమెంట్లలో అగరొత్తి వెలిగించరు, కిటికీ తెరుస్తారు, అంతే తేడా.

కథ మంగళూరు వైపు జరిగిన ‘సైనైడ్ మోహన్’ కేసుని గుర్తుకు తెస్తుంది. ఒక ప్రైమరీ స్కూలు టీచరు, 2003 నుంచి 2009 దాకా ఇరవై మంది ఆడవాళ్లు. అంతమంది పోయేదాకా ఎందుకు తెలియలేదు? కట్నం ఇవ్వలేని ఇళ్ల ఆడపిల్లలు ఇల్లొదిలి పోతే లేచిపోయిందని అనుకుంటారు కాబట్టి, ఇంట్లోవాళ్లే సిగ్గుతో నోరు మూసుకుంటారు కాబట్టి. ‘దహాడ్’లో ఒక పేద కులం కుర్రాడు చెల్లెలు కనపడటం లేదని స్టేషన్ చుట్టూ తిరుగుతాడు. ఎవరూ పట్టించుకోరు. ఒక ముస్లిం కుర్రాడితో పోయిందని చెప్పగానే మతసంఘాలు దిగుతాయి, కేసు కదులుతుంది. పేదోడి చెల్లెలు మనిషిగా లెక్కకి రాలేదు, మతం పరువుగా లెక్కకొచ్చింది. ఫిర్యాదు ఎట్లా పుడుతుందో, ఎట్లా చస్తుందో ఇంత సూటిగా చూపించిన సీరియల్ హిందీలో ఇంకోటి నేను చూడలేదు. హంతకుడెవరో కూడా మనకి మొదట్లోనే తెలిసిపోతుంది. దానివల్ల ఉత్కంఠ తగ్గిందని పత్రికల్లో రాశారు. తగ్గితే తగ్గింది! ఆ తగ్గిన చోటే మిగతా విషయాలు కనపడ్డాయి.

సెలవుల్లో మా అమ్మకి దీన్ని చూపించాను, మధ్య మధ్యలో అర్థం చెప్తూ. అమ్మ చదువుకోలేదు. మిరపచేలల్లో కూలి చేసి నన్ను చదివించింది. రెండు ఎపిసోడ్లు అయ్యాక అడిగింది: “అయితే ఆ పిల్లలు చచ్చిపోయారని కాయితం మీద రాసుకోటానికి ఈ పిల్లే రావాల్సొచ్చిందంటరా? మన పిల్ల స్టేషన్లో లేకపోతే రాసుకోరా?” నేను రీసెర్చి పద్ధతిలో ప్రాతినిధ్యం గురించి ఏదో చెప్పబోయాను. “అదికాదురా, రాసుకోటం వాళ్ల ఉద్యోగమేగా” అంది. ‘దహాడ్’ మీద నేను చదివిన ఏ సమీక్షలోనూ ఈ మాట లేదు. దళిత అధికారి ఒకరుంటే చాలు అని మనమూ నమ్ముతున్నాం. చట్టం అట్లా చెప్పలేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం విధి నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగే నేరస్తుడు. ఆ సెక్షన్ కింద ముద్దాయిగా నిలబడ్డ ఎస్సై ఏ సీరియల్లోనైనా కనిపించాడా?

ఇక నిజం నేరాల డాక్యుమెంటరీల సంగతి. నాగపూర్ కస్తూర్బా నగర్ దళిత బస్తీ ఆడవాళ్లని పదేళ్లకు పైగా పీక్కుతిన్న అక్కు యాదవ్‌ని 2004 ఆగస్టు 13న జిల్లా కోర్టు హాల్లోనే ఆడవాళ్ల గుంపు చంపేసింది. దీనిమీద 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో మూడు భాగాల సినిమా వచ్చింది, ‘ఇండియన్ ప్రిడేటర్’ అనే వరసలో. వరస పేరుని బట్టే కథ ఎవరిదో నిర్ణయమైపోయింది. మృగం వాడు, కాబట్టి కెమెరా వాడి వెంట పోతుంది. వాడేం చేశాడు, ఎంత క్రూరంగా చేశాడు అన్నదాన్ని నటులతో మళ్లీ చేయించి చూపిస్తారు. అయినా ఈ సినిమాని నేను కొట్టిపారెయ్యలేను. బస్తీ ఆడవాళ్లు కెమెరా వైపు సూటిగా చూసి, తలొంచుకోకుండా, నవ్వుతూ కూడా మాట్లాడతారు. చంపిందెవరని పోలీసులు అడిగితే అందర్నీ అరెస్టు చెయ్యమని ముందుకొచ్చినవాళ్లు వాళ్లు. ఎవరు చంపారు అన్న ప్రశ్నకి ఇంతకంటే పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేదు. 2014లో సాక్ష్యాలు లేవని కోర్టు నిందితుల్ని వదిలేసింది. కానీ పదేళ్లపాటు ఆ ఆడవాళ్ల ఫిర్యాదులు తీసుకోని అధికారులెవరు, ఫిర్యాదు చేస్తే వాడికే కబురు చేర్చిందెవరు, వాళ్ల ప్రమోషన్లు ఏమయ్యాయి? ఇది నాలుగో భాగం కావాల్సింది. మూడింటితో ఆపేశారు. అక్కణ్ణించి ఎంతో దూరంలో లేని ఖైర్లాంజిలో 2006 సెప్టెంబర్ 29న ఒకే దళిత కుటుంబంలో నలుగుర్ని చంపారు. దానిలో మృగం అని చూపించటానికి ఒక మనిషి లేడు, ఊరు వుంది. ఊరు మీద ఈ వరసలో సినిమా రాదు.

ఈ ప్రశ్న అమాయకమైంది కాదని మనకి విజయవాడ నేర్పింది. 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని హత్య చేశారు. చానళ్లు నెలల తరబడి అదే అడిగాయి: ఎవరు? పోలీసుల మీద వొత్తిడి పెరిగింది. 2008లో నందిగామ వైపు నుంచి ఒక దళిత కుర్రాడు జవాబుగా దొరికాడు. నడవటానికే కష్టపడే జబ్బు మనిషి. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదని మొదట్నుంచీ మొత్తుకున్నారు. 2010లో శిక్ష పడింది, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలింది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. మధ్యలో ఎనిమిదేళ్లకు పైగా జైలు. ఆ రోజుల్లో చానళ్లు ఆ కుర్రాడు గోడ ఎట్లా దూకాడో నటులతో చేయించి చూపించిన అరగంట కార్యక్రమాల్ని మా హాస్టల్లో అందరం చూశాం. ఎపిసోడ్‌కి ఒక ముగింపు కావాలి, ముగింపుకి ఒక మనిషి కావాలి. చటాన్‌పల్లిలో 2019 డిసెంబర్ 6న నలుగురు లారీ డ్రైవర్లు, క్లీనర్లని కాల్చేసినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆఖరి ఎపిసోడ్ చూసినంత తృప్తి. 2022లో సిర్పుర్కర్ కమిషన్ అది బూటకపు ఎన్‌కౌంటర్ అని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పేసరికి ఆ పూలు చల్లినవాళ్లు ఇంకో సీరియల్లో వున్నారు. వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ ఈ తృప్తిని ఇవ్వదు. గుంటూరు లాకప్పులో చెయ్యని నేరం ఒప్పించటానికి తమిళ కూలీల్ని కొట్టే కథ అది. దెబ్బ తినేవాడి భాష తమిళం, కొట్టేవాడి భాష మనది. తెలుగువాళ్లు తీయాల్సిన సినిమా, తమిళులు తీశారు.

మరి చుండూరు మీద సీరియల్ తీస్తే ఎట్లా వుంటుంది? కోర్టుని ఊళ్లోకి తెచ్చుకోటానికే కొన్ని ఎపిసోడ్లు పడతాయి. ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టాలని బాధితులు పట్టుబట్టి సాధించారు. కూలిపనికి పోయే సాక్షి ఛార్జీలు పెట్టుకుని ఎక్కడికో పోకుండా, తన ఊళ్లో తన కోర్టులో నిలబడి చెప్పాడు. 2007 జూలై 31న తీర్పొచ్చింది, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. పదహారేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన సమయం, దాడి జరిగిన చోటు, దాడి చేసినవాళ్ల గుర్తింపు సరిగ్గా రుజువు కాలేదంది. క్రైమ్ సీరియళ్లలో తెల్లకోటు వేసుకున్న డాక్టరు శవాన్ని చూసి రాత్రి పదింటికీ పదకొండింటికీ మధ్య అని చెప్పేస్తాడు. ఇక్కడ శవాలు కాలవ నీళ్లలో, గోనెసంచుల్లో దొరికాయి. ప్రాణం దక్కించుకోటానికి పొలాలకడ్డంబడి పరిగెత్తేవాడు, వెనకాల పడేది ఎవరు అని చూడటమే కాక, టైమెంతయిందో కూడా చూసుకుని వుండాల్సింది. అప్పీలు సుప్రీంకోర్టుకి పోయింది. 2007 తీర్పునీ 2014 తీర్పునీ పక్కపక్కన పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చదివిన సినిమా రచయిత తెలుగులో ఎవరైనా వుంటే ఈ పత్రికకి రాయండి, నేను వెళ్లి కలుస్తాను.